నా శ్రుతిలో పాడిన పద్యం

చోడవరం వాళ్లు పద్యం విన్నంత శ్రద్ధగా బళ్లో పాఠం విని ఉండరు. రాగం తీసేటప్పుడు గొంతు కాస్త జీరపోతే చాలు, ముందు వరుసలోంచి దగ్గులు మొదలయ్యేవి. అక్కడ తేలిపోతే ఇటు బుచ్చయ్యపేటా, అటు దేవరాపల్లీ, ఏ నాటక సమాజమూ మళ్లీ పిలవదు. యాభైల మొదట్లో అలాంటి ఊళ్లో నాకు మొదటిసారి రాణి వేషం దొరికింది.

అప్పట్లో మగవేషాలన్నీ ఊరివాళ్లవే. నెలల తరబడి సాధన చేసేవారు. ఆడవేషానికి మాత్రం మాలాంటివాళ్లని బయటినుంచి పిలిపించేవారు. నాటకం రోజు పొద్దున్న ట్రంకుపెట్టెతో అమ్మా నేనూ అనకాపల్లి బస్సు దిగడం, మధ్యాహ్నం ఒక్కసారి పద్యాలు సరిచూసుకోవడం, సాయంత్రం మొహానికి రంగు పూసుకోవడం. అంతే.

ఆ మధ్యాహ్నం బెల్లం గోడౌనులో హార్మోనియం మేస్టారు రాజు వేషధారి శ్రుతి పట్టుకుని కూర్చున్నారు. ఆ రాజు ఊళ్లో పెద్ద రైతు, గొంతూ పెద్దదే. ఆ శ్రుతిలో పైకి వెళ్లేసరికి నా గొంతు చీలిపోతోంది.

"నా పద్యాలకి రెండు మెట్లు దించండి మేస్టారూ," అన్నాను.

"ఆడగుంట కోసం శ్రుతి మారస్తారేటి? నిరుడొచ్చినామె ఇందులోనే పాడింది. నువ్వే సర్దుకోవాల," అన్నారాయన, నా మొహమైనా చూడకుండా.

నిరుడొచ్చినామె నాకు తెలుసు. అలా సర్దుకుని సర్దుకుని గొంతు బొంగురుపోయి, చెలికత్తె వేషాలకి దిగిపోయింది.

అమ్మ నా జబ్బ గిల్లింది. "ఒసే, తగ్గు. ఈళ్లతో పెట్టుకుంటే మనకి పుట్టగతులుండవు."

నాకు ఒళ్లు మండింది. ఇంక బతిమాలలేదు.

స్టేజీ మీద నా మొదటి పద్యానికి హార్మోనియం రాజుగారి శ్రుతిలోనే అందుకుంది. నేను అటు తిరిగి, ఆపమని చెయ్యెత్తాను. మేస్టారు బిత్తరపోయి ఆపేశారు. తెరపక్కన అమ్మ కళ్లు మూసుకుంది. హార్మోనియం లేకుండా పద్యం పాడ్డమంటే ఆ రోజుల్లో రంగు లేకుండా స్టేజీ ఎక్కడమే. నాకు సరిపడ్డ చోట నేనే ఎత్తుకున్నాను. గొంతు వణకలేదు. రాగం ముగిసేదాకా ఒక్క దగ్గు వినబడలేదు. అప్పుడు నేల మీద కూర్చున్నవాళ్లలోంచి ఎవరో "వన్స్ మోర్" అని అరిచారు, వెనకే అందరూ అందుకున్నారు.

రెండోసారి ఎత్తుకునేసరికి హార్మోనియం నా వెనకే వచ్చింది, రెండు మెట్లు కిందకి దిగి.

కొన్నాళ్లకి మద్రాసు వెళ్లాను. సినిమాలో వేషమిచ్చారు గాని, నా గొంతు మైకుకి పనికిరాదన్నారు. పాట ఇంకెవరో పాడితే నేను పెదాలు కదిపాను. ఆ బొమ్మ చోడవరం టాకీసుకొచ్చినప్పుడు అమ్మతో వెళ్లి చూశాను. తెర మీద అందంగానే ఉన్నాను. జనం చప్పట్లు కొడుతుంటే నాకు మాత్రం ఏడుపొచ్చింది.

సినిమాలు మానలేదు, అన్నం పెట్టేవి అవే. కాని ఆ ఏడు చోడవరం నాటకానికి పిలుపొస్తే, నిర్మాత గుర్రుమంటున్నా షూటింగు ఆపించుకుని వచ్చాను. అదే గోడౌను, అదే మేస్టారు. రాజుగారు అప్పటికే గొంతు సవరించుకుంటున్నారు. మేస్టారు ఆయన్ని ఆగమని సైగ చేసి నావైపు తిరిగారు.

"ముందు నీ శ్రుతి సెప్పమ్మా. రాజుగారు సర్దుకుంటారు."