బీరప్ప మందలో నా గొడుగు

ఈ ప్రయాణానికి కారణం నా నోటి దురద. కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజుల్లో ప్రొద్దుటూరులో నాకొక ఫోటో స్టూడియో ఉండేది. ఒక్కసారి కెమెరాలో చూసిన మొహాన్ని జన్మలో మరిచిపోనని వచ్చినవాళ్ళందరి దగ్గరా గొప్పలు కొట్టేవాణ్ణి. ఒకరోజు జీవాల వ్యాపారి మస్తాన్ సాహెబు వచ్చి కూర్చుంటే, "తమరు మన దుకాణానికి కొత్తా?" అన్నాను. ఆయన పకపకా నవ్వాడు.

"మొన్న రంజానుకు నా పటం తీసింది నువ్వే గదప్పా! అదో, గోడకు కూడా తగిలించినావు. మనిసి మొగమే గుర్తు ల్యా నీకు. పులివెందులకాడ కొండలో బీరప్ప అని ఒకాయప్ప ఉండాడు. రెండొందల గొర్ల మొగాలు గుర్తు ఆయప్పకు. అన్నీ నల్లవే మల్లా!"

"నేను నమ్మను" అన్నాను.

"పొయ్యి సూసి రా" అన్నాడు. శివరాత్రి వెళ్ళిన వారానికి దుకాణం మూసి బయలుదేరాను.

ప్రొద్దుటూరులో పదకొండు గంటల బస్సెక్కితే పన్నెండున్నరకు జమ్మలమడుగులో దించారు. బస్టాండు ఎదుటి హోటల్లో కారం దోసె తిన్నాను. నాలుకకు మంట, కంట్లో నీళ్ళు, అయినా ఇంకొకటి చెప్పాను. అక్కడినుంచి పెన్న దాటి ముద్దనూరు. పులివెందుల బస్సు అక్కడ సిద్ధంగానే ఉంది కానీ కదలదు. రైలు దిగేవాళ్ళు వచ్చి నిండాలి. రైలు గంటన్నర ఆలస్యం. నా పక్కన కోళ్ళగంప ఒళ్ళో పెట్టుకున్న పెద్దావిడ నన్ను పరీక్షగా చూసింది.

"యాడికి పోతాండావప్పా, గొడుగూ పెట్టె ఏసుకోని?"

"గొర్రెల్ని చూడ్డానికమ్మా."

"కొనేదానికా?"

"కాదు, ఊరికే చూడ్డానికే."

ఆమె నన్నొకసారి కిందికీ మీదికీ చూసి గంపను తన వైపుకు జరుపుకుంది. పులివెందుల దాకా మళ్ళీ నాతో మాట్లాడితే ఒట్టు.

పులివెందులలో సత్రంలో పడుకున్నాను. చాప వాళ్ళిచ్చారు, దోమలు వాటంతట అవే వచ్చాయి. పొద్దున ఆరింటికి వేంపల్లె బస్సు. కొండ దగ్గరగా వచ్చినచోట కండక్టరు నన్ను దించి, "సాయంత్రం నాలుక్కి ఇదే బస్సు మల్లుకుంటాది. ఈడనే నిలబడుకో" అన్నాడు. బీరప్ప పేరు చెబితే ఆయనకు తెలుసు. ఆ దారిలో ఎవరిని అడిగినా చెబుతారట.

గంటసేపు ఎక్కాను. కొండ నడుమన చదునైన చోట మంద మేస్తోంది. బీరప్పకు డెబ్భై దాటి ఉంటాయి. భుజాన కంబళి, చేతిలో కొమ్మలు వంచి కోసే దోటి. పక్కన కొడుకు సిద్దన్న, ముప్ఫై ఏళ్ళవాడు. మస్తాన్ పంపాడంటే నన్ను రాతిమీద కూర్చోబెట్టి, రాగి సంగటి ముద్ద, చెనక్కాయల ఊరిమిండి పచ్చడి పెట్టారు. ముద్ద సగంలో ఉండగానే నేను అసలు సంగతి అడిగేశాను.

"ఇవన్నీ ఒకటే మాదిరిగా ఉన్నాయి కదా పెద్దాయనా, ఎలా గుర్తుపడతావు?"

"ఒకటే మాదిరా?" ముసలాయన నిజంగానే నొచ్చుకున్నాడు. "ఆ ముందరుండేది మొండిదాని కూతురు. దాని పక్కది దొంగది, చేలో పడేదానికి సూస్తాంటాది. ఆ ఎడమపక్కది పోయినేడు కవల పిల్లల్ని ఈనింది. నీ కంటికి యాడ ఒకటే మాదిరి కనపడతాండాయి సామీ?"

నా కంటికి రెండు వందల నల్ల వీపులు కనబడుతున్నాయి. అదీ నున్నటి వీపులు. రెండు రోజుల కిందటే ఉన్ని కత్తిరించారు. ఎవరి గొర్రెలకు వాళ్ళు వీపుమీద ఎర్రమన్నుతో గుర్తు వేసుకుంటారట. ఉన్నితోబాటు ఆ గుర్తూ పోయింది. కొత్త గుర్తు ఆ సాయంత్రం వెయ్యాలి.

ఆయన పని చూస్తుంటే పొద్దు తెలియలేదు. మందను ఎప్పుడూ గాలికి ఎదురుగానే తోలతాడు. గాలి వెనకనుంచి కొడితే జీవం బెదురుతుంది, మేత ఒంటబట్టదు అంటాడు. ఒక గొర్రె నాలుగడుగులు వెనకబడితే చాలు, వెళ్ళి మోకాళ్ళ మధ్య ఇరికించుకుని గిట్ట ఎత్తి ముల్లు లాగేస్తాడు. మేత కంటే ముందు నెమరు చూడాలట. నెమరు వెయ్యని గొర్రె ఉంటే ఆయనకు ఆ పూట ముద్ద దిగదు.

సిద్దన్న నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు. "నాయినకు కండ్లు సరిగా ఆనడం ల్యా సామీ. వచ్చే ఉగాదినుంచి ఇంటికాడ కూసో, మందను నేను సూసుకుంటా అంటే ఇనడు. యా బండమీదన్నా జారి పడితే నేనేం జెయ్యాల?"

కళ్ళ సంగతేమో కానీ ముసలాయన చెవులు అమోఘం. అంత దూరంనుంచీ అరిచాడు. "నా గొర్రె ఒక్కదాన్ని గుర్తు తప్పినా, ఆ పొద్దే కొండ దిగుతా. మల్లా ఎక్కితే అడుగు!"

ఇంతలో ఎండ మండిపోతోంది. నేను చేసిందల్లా ఒక్కటే. గొడుగు తెరిచాను.

టప్‌మని నల్లగొడుగు విచ్చుకోగానే రెండు వందల తలలు ఒక్కసారి పైకి లేచాయి. తరవాత కొండ కదిలినట్టయింది. మంద మందంతా పల్లంలోకి ఒకటే పరుగు. పల్లంలో నాగన్న అనే ఇంకో కాపరి తన మందను నీళ్ళకు దింపుతున్నాడు. అతనివీ నల్లవే, ముందురోజే ఉన్ని కత్తిరించినవే, వాటికీ గుర్తు లేదు. నేను గొడుగు మూసేలోగా రెండు మందలూ కలిసిపోయాయి.

"ఏం పని జేస్తివి సామీ!" అని సిద్దన్న తల పట్టుకున్నాడు. నాకు అక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది. బీరప్ప మాత్రం కంబళి సర్దుకుని పల్లంలోకి నడిచాడు. "నేను ఏరతా" అన్నాడు.

రెండు బండల మధ్య ఒక గొర్రె మాత్రమే పట్టే సందు ఉంది. దాని నోటి దగ్గర ముసలాయన కూర్చున్నాడు. సిద్దన్న, నాగన్న వెనకనుంచి ఒక్కొక్కదాన్నే వదిలారు. ఆయన మొహంలోకి చూసి, అవసరమైతే చెవీ దవడా తడిమి, ఎడమకో కుడికో చరుస్తున్నాడు. "మాది. మాది. నీది నాగన్నా. ఇది మా పుల్లిదాని మనమరాలు. నీది." పిల్లల జోలికి పోలేదు. "తల్లులే వాసన జూసి ఏరుకుంటాయి, ఆ పని మనది కాదు" అన్నాడు. మధ్యాహ్నం రెండున్నర దాకా లేవలేదు. మంచినీళ్ళు ఇస్తే ఆగమన్నాడు.

చివరికి ఒక గొర్రె మిగిలింది. "మాది" అన్నాడు బీరప్ప. "కాదు మామా, అది నాది" అన్నాడు నాగన్న.

ఇలాంటప్పుడు ఒక పద్ధతి ఉంది. తగాదా ఉండదు. గొర్రెను నడుమ వదిలి, ఇద్దరూ చెరో వైపు నడుస్తూ తమ మందను పిలిచే కేక వేస్తారు. అది ఎవరి వెనక పోతే వాళ్ళది. ఇద్దరూ కేక వేశారు. గొర్రె చెవులు నిక్కించి, ఏ అనుమానం లేకుండా నాగన్న వెనకాలే పోయింది.

బీరప్ప దోటిని కొడుకు చేతిలో పెట్టాడు. "మాటంటే మాటే. దిగుతాండా" అన్నాడు. నా గొడుగును కొండమీదనుంచి విసిరేద్దామన్నంత కోపం వచ్చింది నామీద నాకే.

అప్పుడు నాగన్న పరుగున వచ్చాడు. "నిలబడు మామా! దీని తల్లిని వేంపల్లె సంతలో నీకాడనే నేను కొంటి. మూడేండ్లాయ. ఇది నా కాడ పుట్టింది. దీన్ని నువ్వు ఎప్పుడు సూసినావు?"

"సూసిందే ల్యా" అన్నాడు ముసలాయన. "మొగం మాత్రం నా గొర్రెదే. దాని తల్లి ఉందా?"

"పోయినేడు సచ్చిపాయ."

బీరప్ప వెనక్కి వచ్చి ఆ గొర్రె మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని కాసేపు నిమిరాడు. ఎన్నడూ చూడని గొర్రెను తల్లి పోలికతో పట్టాడు మహానుభావుడు! "ఇది తప్పెలా అవుతుంది పెద్దాయనా?" అన్నాను. ఆయన వినలేదు. "నా మందలోది కాని దాన్ని నాదంటిని. తప్పు తప్పే" అని దిగడం మొదలుపెట్టాడు. నేనూ వెంట దిగాను. సిద్దన్న మందతో పైనే నిలబడిపోయాడు.

నాలుగయ్యేసరికి రోడ్డు పక్కన రాతిపైన ఇద్దరం కూర్చున్నాం. నన్ను బస్సెక్కించి ఇంటికి పోతానన్నాడు. ఇంకా ఇంత పొద్దుండగా కొండ దిగడం ఆయనకు ఊహ తెలిశాక ఇదే మొదటిసారట. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బస్సు వచ్చింది. నేనెక్కి కూర్చున్నాను. డ్రైవరు గేరు వేశాడో లేదో, ఎదుట దుమ్ము లేచింది. మంద మందంతా కొండ దిగి రోడ్డుకు అడ్డంగా పడింది. వెనక రొప్పుతూ సిద్దన్న.

డ్రైవరు హారన్ మోగించాడు. గొర్రెలు కదిలితేనా! అన్నీ వచ్చి ముసలాయన చుట్టూ చేరాయి.

"ఏందిరా ఇది?" అన్నాడు బీరప్ప.

"నువ్వు దిగితివి, అవీ దిగె. నేనెంత కేకేసినా ఒక్కటి ఇనల్యా." సిద్దన్న ఊపిరి తీసుకున్నాడు. బస్సులో వాళ్ళందరూ కిటికీల్లోంచి తలలు బయటికి పెట్టి వింటున్నా లెక్కచెయ్యలేదు. "నాయినా, కండ్లు బాగుండేది నాకు. పొద్దన్నుంచి నీ ఎనకాలనే ఉంటి. ఆ గొర్రె మనది కాదని నాకూ తెలీల్యా. మన మందలో సగం గొర్లు నాకు తెలీవు. పైకి పా నాయినా. నాకు నేర్పియ్యి."

ముసలాయన పక్కనున్న గొర్రె వీపుమీద చెయ్యి వేశాడు.

"పెద్దాయనా, నువ్వు కొండెక్కేదాకా నా బస్సు కదిలేటట్టు ల్యా" అని డ్రైవరు కేకేశాడు. బస్సంతా నవ్వింది.

బీరప్ప లేచి చెయ్యి చాచాడు. సిద్దన్న దోటి అందించాడు. ఒక్క కేక, అంతే. మంద రెండుగా చీలి బస్సుకు దారి ఇచ్చింది. మేము దాటగానే మళ్ళీ ఒకటై కొండ దారి పట్టింది.

మీరెవరైనా అటు వెళ్ళదలిస్తే ఆరింటి బస్సుకు వెళ్ళండి, సంగటి పెడితే వద్దనకండి, గొడుగు ఇంట్లో వదిలేయండి. వెనక అద్దంలోంచి నేను కనబడినంత దూరం చూశాను. ముసలాయన ఒక గొర్రె దగ్గర ఆగి దాని మొహాన్ని పట్టుకుని ఏదో చెబుతున్నాడు. సిద్దన్న వంగి చూస్తున్నాడు. తరవాత ఇంకొక గొర్రె దగ్గర ఆగారు. ఆ లెక్కన కొండ నడుమకు చేరేసరికి పొద్దుగూకుతుంది. ఇద్దరికీ తొందరున్నట్టు లేదు.