నైలాన్ కోటుకు అగరొత్తి పరీక్ష

ఈ రోజు బిష్టుపూర్ బజారులో నేను గెలిచాను. నలుగురికీ చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

వచ్చే వారం మా ఆయనా, నేనూ, పిల్లలూ మా మరిది పాత జీపులో శ్రీకాకుళం బయలుదేరుతున్నాం. దారిలో రెండు రాత్రులు జీపు పక్కనే గుడారం, కట్టెల పొయ్యి మీద వంట. అందుకు గట్టి బట్టలు కొందామని కొట్టుకు వెళ్ళాం. మా ఆయన కళ్ళు తళతళలాడే నైలాన్ కోటు మీద పడ్డాయి. నేనేమో మందపాటి ఖాకీ నూలు కోటు తిరగేసి కుట్లు లాగి చూస్తున్నాను.

"ఓలే, ఆ గోనెసంచేటే? ఇది సూడు, ఎంత తేలిగ్గున్నాదో!" అన్నాడు.

"నిప్పు కాడ కూకోడానికి నైలానేటి? ఫర్నేసు కాడికి నువ్వు ఏసుకెళ్తావా?"

పదేళ్ళుగా ఇక్కడి ఉక్కు ప్లాంటులో ఫర్నేసు దగ్గర పనిచేస్తున్న మనిషే. అయినా ఆ నైలాన్ కోటు వదల్లేదు. నేను కొట్టువాణ్ణి నైలాన్‌దొకటి, నూలుదొకటి గుడ్డముక్కలు అడిగి, దేవుడి పటం ముందున్న అగరొత్తి తెచ్చి రెంటికీ ఒక్కక్షణం ఆనించాను. నైలాన్‌కు చిల్లుపడి అంచులు కరిగి ముద్దకట్టాయి. నూలుగుడ్డ కాస్త గోధుమరంగు తిరిగి ఊరుకుంది.

"దీదీ, ఆప్ భీ ప్లాంట్ మే కామ్ కర్తీ హై క్యా?" అన్నాడు కొట్టతను, నేనూ ప్లాంటులో పనిచేస్తానా అని.

పని చెయ్యను, మా ఆయన పనిబట్టలు ఉతుకుతానని హిందీలోనే చెప్పాను.

ఇంటికొచ్చినప్పటి నుంచీ మా ఆయన ఆ గోనెసంచి తొడుక్కుని అద్దం ముందు నుంచి కదలడం లేదు. అది తనే ఏరానని పిల్లలకు ఇప్పటికి నాలుగుసార్లు చెప్పాడు. మీ ఇళ్ళలోనూ ఇంతేనా?