కాలువ కనిపించే ఎత్తు

పెడన వెళ్ళి కలంకారీ అద్దకం చూడాలనుకునేవారికి దారి చెబుదామని మొదలుపెట్టాను. కానీ మా ప్రయాణంలో సగం రోజు కారు సీటు చుట్టూనే తిరిగింది కనుక ముందు ఆ సంగతి చెప్పాలి. మా మనుమరాలు లాస్యకు ఎనిమిదేళ్ళు నిండాయి, వయసుకు కాస్త పొట్టి. పోయిన నెల బందరు రోడ్డు మీద, కంకిపాడు దగ్గర గేదె అడ్డం వస్తే మా అబ్బాయి రవి గట్టిగా బ్రేకు వేశాడు. వెనక సీట్లో పిల్ల పక్కన ఉన్న నేను చెయ్యి అడ్డం పెట్టాను. కదిలే వస్తువును ఆపాలంటే ఎంత బలం కావాలో బడిలో ఏళ్ళ తరబడి పాఠం చెప్పినదాన్ని, ఆ క్షణంలో నాకు తట్టింది చెయ్యి ఒక్కటే. పిల్ల దాని కింద నుంచి జారి ముందు సీటుకు కొట్టుకుంది. నుదుటి మీద బొప్పి కట్టింది. ఇంటికి రాగానే చెప్పేశాను: ఎత్తు పెంచే సీటు కొని, బెల్టు పెట్టేదాకా పిల్ల కారులో ఊరు దాటడానికి వీల్లేదని.

లాస్య వినలేదు. పసిపిల్లల సీటులో కూర్చుంటే స్కూల్లో పరువు పోతుందట. ఇంకో చిక్కుంది. ఆ పిల్లకు కారెక్కితే కడుపులో తిప్పుతుంది, బస్సయితే మరీను. ఇంతలో పెడన నుంచి షంషాద్ ఫోన్ చేసింది. నాతో పాటు ఒకే బడిలో సైన్సు చెప్పిన మనిషి. వాళ్ళ ఇంట్లో మూడు తరాలుగా అద్దకం పని చేస్తున్నారు. శనివారం బల్లలు ఖాళీగా ఉంటాయి, లాస్య చేత ఒక గుడ్డ అద్దిస్తానంది. అది విన్నప్పటి నుంచి పిల్లకు నిద్ర లేదు. ఏ అచ్చు వెయ్యాలో తనే బొమ్మలు గీసుకుంది. శుక్రవారం రాత్రికి ఇంట్లో పరిస్థితి ఇది: సీటు లేకపోతే నేను రానివ్వను, సీటుంటే తను ఎక్కదు, ఈ గొడవంతా ఎందుకు, పిల్లని వాళ్ళమ్మ దగ్గర వదిలేసి వెళ్దాం అంటాడు రవి. ఆ మాటకు పిల్ల కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది గానీ తలవంచలేదు. ఆ మొండితనం ఎవరి పోలికో మా ఇంట్లో ఎవరూ పైకి అనరు.

ముందు సీటు చూద్దాం, ఎక్కేది తర్వాత అని పిల్లని ఒప్పించి, శనివారం ఉదయం పదింటికి మా ఇల్లున్న గుణదల నుంచి బయల్దేరి ముందుగా ఊళ్ళోనే ఉన్న వన్ టౌన్ బజారుకు వెళ్ళాం. పిల్లల సామాన్ల హోల్‌సేల్ కొట్లు అక్కడే ఉన్నాయి. పదిన్నరకు గాని షట్టర్లు తియ్యరు, ముందే వెళ్ళి ప్రయోజనం లేదు. ఆ సందుల్లోకి కారు పోదు. కాలువ వైపు పార్కింగులో పెట్టి, తోపుడు బళ్ళు తప్పించుకుంటూ నడిచాం. కొట్టాయన మమ్మల్ని చూసి ఉయ్యాలల వైపు చెయ్యి చూపించాడు. ఉయ్యాల కాదు, కారు సీటన్నాను.

"పాపకా అండీ? ఎన్నేళ్ళు?"

"ఎనిమిది."

"ఎనిమిదేళ్ళ పిల్లకి సీటేంటమ్మా, పెద్దదైపోయింది కదా!"

"చూశావా నానమ్మా!" అంది లాస్య.

"వయసు కాదు బాబూ, ఎత్తు చూడండి. కారు బెల్టు పెద్దవాళ్ళ కొలతకు కుట్టింది. ఈ పిల్లకి అది మెడకీ పొట్టకీ తగులుతుంది. భుజం మధ్య నుంచి, తొడల మీద నుంచి పోవాలి. అంత ఎత్తు లేపే సీటు ఏదుందో తియ్యండి."

ఆయన రెండు రకాలు తీశాడు. ఒకటి వీపు లేని పీటలాంటిది, పందొమ్మిది వందలు. రెండోది వీపూ, తలకు రెండు పక్కలా ఆనుడూ ఉన్నది, నాలుగు వేల ఎనిమిది వందలు. రెండింటి మీదా ఎంత బరువు, ఎంత ఎత్తు పిల్లలకో రాసి, భద్రతా పరీక్ష ముద్ర వేసి ఉంది. ఆ ముద్ర లేనివి ఇంకా చవగ్గా ఉన్నాయి, వాటిని నేను ముట్టుకోలేదు. కారులో పెట్టి, పిల్లని కూర్చోబెట్టి చూస్తానన్నాను.

"కవరు చింపితే వాపసు ఉండదండీ."

"చీర కొనేటప్పుడు భుజం మీద వేసుకుని చూడనివ్వరా? ఇది అంతకంటే ముఖ్యం. కవరు నేను చింపను, మీరే వచ్చి మెల్లగా తియ్యండి."

ఆయన నావైపు చూశాడు, గడియారం వైపు చూశాడు. "టీచరుగారాండీ?" అన్నాడు. అవునన్నాను. "అనుకున్నాన్లెండి" అని కొట్టు తమ్ముడికి అప్పజెప్పి, రెండు సీట్లూ చెరో చంకలో ఇరికించుకుని మాతో బయల్దేరాడు. దారంతా లాస్య మాకు నాలుగడుగులు దూరంగా, ఎవరి పిల్లో అన్నట్టు నడిచింది.

కారు దగ్గర అసలు కథ బయటపడింది. వెనక సీట్లో బెల్టు లాగితే వస్తోంది గానీ దాన్ని గుచ్చే బకిల్ ఎక్కడా లేదు. ఈ కారు కొన్న వారంలోనే రవి కాఫీ రంగు సీటు కవర్లు కుట్టించాడు. అంచులకు తెల్ల పైపింగు, మధ్యలో డైమండ్ కుట్టు. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. బకిళ్ళన్నీ ఆ కవరు కింద సమాధి అయిపోయి ఉన్నాయి. ఇన్నాళ్ళూ వెనక కూర్చున్న మాలో ఒక్కరమైనా వెతికితే కదా తెలిసేది! రవి మోకాళ్ళ మీద కూర్చుని కవరు అంచు లేపి, మోచేతి దాకా చెయ్యి దూర్చి తడిమాడు. మొదట హెయిర్ క్లిప్పు వచ్చింది, తర్వాత పల్లీలు, చివరికి ఒక బకిల్ తల బయటపెట్టింది.

"ఆ క్లిప్పు నాది! నేనే పారేశానని అమ్మ తిట్టింది" అంది లాస్య, అప్పటిదాకా ఉన్న అలక మరిచిపోయి.

రవి కవరు అంచు ఎత్తి పట్టుకుంటే, ఆ ఒక్క బకిల్‌తోనే రెండు సీట్లూ పెట్టి చూశాం. "చూడ్డానికే, ఎక్కినట్టు కాదు" అని షరతు పెట్టి కూర్చుంది. వీపు లేని దాని మీద పిల్ల ఎత్తు పెరిగింది గానీ బెల్టు ఇంకా మెడను రాస్తూనే ఉంది. పైగా మా కారులో వెనక సీటుకు తల ఆన్చేందుకు ఏమీ లేదు. రెండోదానికి భుజం దగ్గర బెల్టు దూర్చే కొక్కెం ఉంది, బెల్టు సరిగ్గా భుజం మధ్యకు వచ్చి నిలిచింది. వీపు ఆనింది, మోకాళ్ళు సీటు అంచు దగ్గర వంగాయి. ఇక బేరం ఒక్కటే మిగిలింది. నాలుగు వేల ఐదు వందలకు ఇచ్చాడు. "మీలాంటోళ్ళు రోజుకొకరొస్తే కొట్టు మూసుకోవాలండీ" అన్నాడు నవ్వుతూనే. బిల్లు అడిగి తీసుకున్నాను.

అక్కడి నుంచి బకిళ్ళు పైకి తీయించడానికి, బళ్ళ పని షెడ్లుండే ఆటోనగర్ వెళ్ళాం. బందరు వైపు వెళ్ళే దారిలోనే కనుక చుట్టు తిరుగుడు కాదు. ఆ కవర్లు కుట్టిన బాషాగారి షెడ్డుకే వెళ్ళాం.

"అమ్మా, కొయ్యాలా కవరు? ఆరువేల ఐదొందలు పెట్టి కుట్టించాను" అన్నాడు రవి దిగుతూ.

"పిల్ల ఎంతరా?"

రవి కారు వెనక తలుపు తీసిపెట్టాడు.

"ఏమండీ, బకిళ్ళు లోపల పెట్టి కుట్టేస్తారా ఎవరైనా?" అని బాషాగారిని నిలదీశాను.

"నేనేం చెయ్యనమ్మా, సారే కదా తోసెయ్యమంది. గుచ్చుకుంటున్నాయి, నీటుగా లేదన్నారు. మీరొక్కరే కాదులెండి, వచ్చే బళ్ళన్నీ ఇంతే. షోరూమ్ వాళ్ళు సీట్లకేసిన ప్లాస్టిక్కు ఏడాదైనా తియ్యరు, ఇవి మాత్రం దాచేస్తారు."

రవి ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు. బాషాగారు సుద్దముక్కతో గుర్తు పెట్టి, కవరు కోసి, కోసిన అంచు మడిచి కుట్టాడు. గుండీ కాజాలాగా ఉంది, పైపింగు చెడలేదు. లాస్య పక్కనే గొంతుక్కూర్చుని చూసింది.

"ఒకటి చాలా అమ్మా, రెండోది కూడా తియ్యమంటారా?"

నేను నోరు తెరిచేలోగా లాస్య అందుకుంది. "రెండోది నానమ్మకి. నానమ్మ బెల్టు పెట్టుకుంటేనే నేను సీటెక్కుతా. లేకపోతే ఎక్కను."

నేను గంజి పెట్టిన నేత చీర కట్టుకున్నాను. బెల్టు పడితే పెడన చేరేలోగా దాని గతి ఏమవుతుందో తెలుసు. అందరూ నా మొహం చూస్తున్నారు, రవి మరీ ఆశగా. న్యాయమైన షరతుకు ఒప్పుకోవలసిందే. "రెండూ తియ్యండి" అన్నాను. ముప్పావుగంట పని, మూడు వందలు.

లాస్య సీటులో, నేను బెల్టులో, పన్నెండున్నరకు బందరు రోడ్డెక్కాం. నా సంచిలో ఎప్పటిలాగే నిమ్మకాయ, నాలుగు పాలిథిన్ కవర్లు, తడిగుడ్డ సిద్ధంగా ఉన్నాయి. మామూలుగా ఉయ్యూరు రాకముందే వాటి అవసరం పడుతుంది. కంకిపాడు దాటింది. లాస్య కిటికీ వైపు మొహం తిప్పింది. వాంతి వస్తోందేమోనని కవరు విప్పి పట్టుకున్నాను.

"నానమ్మా, ఇక్కడ కాలువుందా?"

"ఎప్పటినుంచో ఉంది."

"ఎప్పుడూ చూపించలేదే మరి!"

అప్పుడు అర్థమైంది నాకు. పుట్టినప్పటి నుంచి ఈ రోడ్డు మీద తిరుగుతున్న పిల్లకు కిటికీలోంచి కనిపించింది కరెంటు తీగలూ, కొబ్బరి తలలూ, ఆకాశమూ మాత్రమే. కళ్ళముందు ముందు సీటు వీపు. కడుపులో తిప్పక ఏమవుతుంది? ఇప్పుడు కాలువలో బాతుల మంద, గట్టున వాటిని తోలేవాడు, చెరుకు బళ్ళు, వరి నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు అన్నీ వరసగా లెక్క చెబుతోంది. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ వాసన వచ్చింది, పోయింది. పామర్రులో ఆగి భోజనం చేశాం, మనిషికి నూట ముప్ఫై, పప్పుచారు బాగుంది. పిల్ల రెండోసారి అన్నం పెట్టించుకుంది. పాలిథిన్ కవర్లు మడిచి సంచిలో పెట్టేశాను.

మచిలీపట్నం ఊళ్ళోకి పోకుండా గుడివాడ రోడ్డు పట్టుకుంటే పెడన పావుగంట. రెండున్నర దాటాక చేరాం. షంషాద్ వాకిట్లోనే ఎదురొచ్చింది.

"ఏంటి సుభద్రక్కా, నలిగిపోయి వచ్చారు! మీ చీర మీద మడత పడటం మొదటిసారి చూస్తున్నా."

"మనుమరాలి ఆజ్ఞ" అన్నాను.

అద్దే బల్ల లాస్యకు గడ్డం దాకా వచ్చింది. పిల్ల ముఖం చిన్నబోయింది. షంషాద్ ఏ మాటా లేకుండా మూల నుంచి రంగు మరకలతో నిండిన చెక్కపీట కాలితో తోసి, "ఎక్కమ్మా" అంది.

"ఇది చిన్నపిల్లలకా ఆంటీ?"

"బల్ల అందనోళ్ళకి. మా అబ్బాయి ఎనిమిదో క్లాసు దాకా దీనిమీదే నిలబడి అద్దాడు. కింద నిలబడి అద్దితే అచ్చు వంకరపోద్ది, అంతే."

లాస్య పీటెక్కింది. రంగులో ముంచిన టేకు అచ్చును గుడ్డ మీద పెట్టి, పిడికిలితో కొట్టి, ఊపిరి బిగబట్టి లేపింది. మొదటి పువ్వు వంకరగా పడింది, మూడోది నిటారుగా వచ్చింది. షంషాద్ డబ్బు తీసుకోలేదు. నేను రెండు దుప్పట్లు కొన్నాను, జత పద్దెనిమిది వందలు. ఆదివారం పని ఉండదు, మీరు వెళ్ళేటట్టయితే శనివారం లోపలే వెళ్ళండి.

నాలుగున్నరకు తిరుగుముఖం పట్టాం. ఎవరూ చెప్పకుండానే లాస్య తన సీటెక్కింది. "నా పీట" అంటోంది దాన్ని. బెల్టు క్లిక్‌మనిపించి, నా వైపు వంగి నాది కూడా లాగి చూసింది. కంకిపాడు దగ్గరకొచ్చేసరికి ఇంకా వెలుతురుంది. ముందు వెళుతున్న గడ్డి ట్రాక్టరు ఉన్నట్టుండి ఆగింది, రవి బ్రేకు తొక్కాడు. నా చెయ్యి దానంతటదే అడ్డంగా లేచింది. బెల్టు నన్ను పట్టుకుంది. పిల్ల ఉన్నచోటే ఉంది, బెల్టు ఆమె భుజం మీద బిగిసి మళ్ళీ వదులైంది.

"నానమ్మా, చెయ్యి తియ్యవా? కాలువ కనబడట్లేదు."

తీశాను. ఇంటికి వచ్చాక పద్దులు రాసుకుంటూ, ఆ రోజు ఖర్చుల్లో సీటుదే పెద్ద అంకె అని చూశాను. అయినా దాని పక్కన, పెద్ద ఖర్చులకు ఎప్పుడూ పెట్టే ప్రశ్నార్థకం పెట్టలేదు. పిల్లలు పెద్దవాళ్ళయ్యారని మనం తొందరపడతాం, తాము అయ్యామని వాళ్ళూ తొందరపడతారు. ఈలోగా బెల్టుకు మాత్రం వాళ్ళ ఎత్తు ఒక్కటే తెలుసు. వాళ్ళకు తక్కువైన ఆ నాలుగు అంగుళాలు అమర్చి పెడితే దారి వాళ్ళకే కనిపిస్తుంది. వెళ్ళబోయేవారికి ఒక్క సూచన: సీటు కొనడానికి కొట్టుకు వెళ్ళేముందు, మీ కారు వెనక సీటు కవరు కింద చెయ్యి పెట్టి బకిళ్ళు బయటికి తీయించండి. పిల్లలది ఒక్కటే కాదు, మీది కూడా.