గవ్వలేరుకునే ఆవిడ

మా పిల్లలిద్దరినీ నేను సముద్రంలోంచి ఈదుకుంటూ వెనక్కి తెచ్చిన సంగతి ఆటోనగర్‌లో తెలియనివాళ్ళు లేరు. అర మైలు ఈదాను. ఒక చేత్తో పిల్లని, రెండో చేత్తో పిల్లాణ్ణి పట్టుకుని, లారీ ట్యూబుకు కట్టిన తాడు పళ్ళతో కరిచిపట్టి. రెండు చేతులూ పిల్లలకే సరిపోతే మరి దేంతో ఈదారండీ అని ఒకే ఒక్క లారీ డ్రైవరు అడిగాడు. కాళ్ళతో, అన్నాను. ఒక దసరాకి చుట్టాలు ఎక్కువగా వచ్చారు. ఆ ఏడు ఒక సొరచేప కూడా వచ్చి చేరింది. కొంతదూరం నా పక్కనే వచ్చి, నా మొహం చూసి భయపడి వెళ్ళిపోయిందని చెప్పాను.

నాకు ఈత రాదు.

ఇది ఇలా అందరికీ రాసి ఒప్పుకోవడానికి డెబ్భై ఏళ్ళు దాటాల్సి వచ్చింది. ఒప్పుకోవలసింది ఇదొక్కటే అయితే బాగుండేది.

తొంభైలలో మాట. అమ్మాయికి ఆరేళ్ళు, పిల్లాడికి నాలుగు. నాకు ఆటోనగర్‌లో పాత టైర్లు, ట్యూబుల కొట్టు ఉండేది. పంక్చర్లు కూడా వేసేవాళ్ళం. గవర్నర్‌పేటలో మా ఆవిడ చెల్లెలు ఉండేది. వాళ్ళు ఎక్కడో సముద్రం ఒడ్డున రిసార్టుకి వెళ్ళొచ్చి ఆల్బం చూపించారు. గొడుగు కింద కుర్చీలు, కొబ్బరిబొండాల్లో రంగురంగుల గొట్టాలు. మా ఆవిడ ఆ ఆల్బం రెండుసార్లు తిరగేసి, ఏమీ అనకుండా మూసి పెట్టింది. ఆమె ఏమీ అనకపోతే నాకు భయం.

"వేసవి సెలవల్లో మనమూ రిసార్టుకే పోతున్నాం" అని ప్రకటించాను.

మా రిసార్టు బందరు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న నాలుగు గదులు. అందులో ఒకదాని నిండా సిమెంటు బస్తాలు. ఫ్యాను తనకి బుద్ధి పుట్టినప్పుడు తిరిగేది. రెండు కొబ్బరి చెట్లున్నాయి, ఒకదానికి తుఫానులో తల ఎగిరిపోయింది. మా ఆవిడ గదంతా ఒకసారి చూసి, కిరసనాయిలు స్టవ్వు ఎక్కడ పెట్టాలా అని మూల వెతుక్కుంది. పిల్లలు మాత్రం సముద్రాన్ని చూసి, ఎవరో తమకోసమే తెచ్చిపెట్టినట్టు ఎగిరారు.

వెళ్ళడానికి పక్క షెడ్డు భాయ్ తన అంబాసిడర్ ఇచ్చాడు. డిక్కీలో నేను లారీ ట్యూబు పెట్టడం చూసి అడిగాడు.

"అదెందుకు అన్నా?"

"పిల్లల్ని దీనిమీద కూర్చోబెట్టి తేలుస్తా. చిన్నప్పుడు మేమంతా బందరు కాలవలో ఇట్టాగే కదా ఆడింది."

"కాలవకి రెండు గట్లుంటాయి. సముద్రానికి ఒకటే గట్టు. చూసుకో."

నవ్వాను. బెజవాడ వాణ్ణి పట్టుకుని నీళ్ళ గురించి చెబుతున్నాడే అనుకున్నాను. కాలవ నీళ్ళలో ఆడినవాళ్ళకి తెలుస్తుంది, ట్యూబుమీద పడుకుంటే ప్రవాహమే తీసుకుపోతుంది. గట్టుమీద ఒకడు పక్కనే నడుస్తూ వచ్చి కింది రేవులో పట్టుకుంటాడు. నేను చిన్నప్పుడు ట్యూబుమీద పడుకున్నవాణ్ణి, గట్టుమీద నడిచినవాణ్ణి. ట్యూబు లేకుండా నీళ్ళలోకి ఎప్పుడూ దిగలేదు.

మర్నాడు పొద్దున్నే పిల్లలిద్దరినీ ట్యూబుమీద ఎక్కించి మోకాలి లోతు నీళ్ళలో వదిలాను. తాడు కట్టలేదు. కాలవలో ఎవరు కడతారు? ఒడ్డు వెంబడి నడుస్తూ, ట్యూబు కూడా నా పక్కనే వస్తుందని చూస్తున్నాను. నిజంగా అదే అనుకున్నాను. నలభై ఏళ్ళ మనిషిని.

వేసవి పొద్దు, పడమటి గాలి. మా వెనక భూమిమీద నుంచి సముద్రంలోకి తోస్తోంది. ట్యూబు నా పక్కన రాలేదు. నాకు ఎదురుగా, దూరంగా వెళ్ళడం మొదలుపెట్టింది. మెల్లగానే. పిల్లాడు నవ్వుతూ నాకు చెయ్యి ఊపుతున్నాడు. అమ్మాయి ఊపడం లేదు. నా వైపే చూస్తోంది.

"ఆగు! ఆగు!" అని అరిచాను. వెళ్ళిపోతున్న సిటీ బస్సుని చూసి అరిచినట్టు.

నీళ్ళలోకి దిగాను. నడుము దాకా వచ్చేసరికి కాళ్ళ కింద నల్లమట్టి మెత్తగా జారింది. అక్కడ ఆగిపోయాను. ముందుకి అడుగు పడలేదు. ఎందుకు పడలేదో ఇన్నేళ్ళుగా రకరకాలుగా చెప్పుకున్నాను గానీ కారణం ఒక్కటే, భయం. అమ్మాయి మొహం చిన్నదవుతోంది. ఏడవడం లేదు. నాన్న వస్తాడని చూస్తోంది.

ఒడ్డుమీద నెత్తిన చేపల గంప పెట్టుకుని పోతున్న ఒక మనిషి నా అరుపులు విని ఆగింది. ఆమె మొహం నాకు గుర్తులేదు. గంప దించడం, చీర కచ్చ బిగించడం, నన్ను దాటిపోతూ తిట్టడం గుర్తున్నాయి.

"ఏందయ్యా, గుడ్లప్పగించి నిలబడ్డావ్? నీ పిల్లలేనా వాళ్ళు?"

ఇక్కడే అసలు ఒప్పుకోవలసింది. ఆమె ఈదలేదు. నడుచుకుంటూ వెళ్ళింది. నీళ్ళు ఆమె ఛాతీ దాకా వచ్చాయి, అంతే. ఆ తీరం అట్లాంటిది, చాలా దూరం లోతు ఉండదు. ఆమెకంటే నేను జానెడు పొడుగు. ఈత రాకపోవడం నాకు సాకు కూడా కాదు. నడక వస్తే చాలు.

పిల్లాణ్ణి చంకనేసుకుంది. అమ్మాయి ఆమె మెడ కరుచుకుంది. ట్యూబు లాక్కుంటూ నన్ను దాటి వెనక్కి వస్తోంది, ఆమె వెనకే నేనూ. ఒడ్డుకి దగ్గరగా, మోకాలి లోతులో, ఒక అల వచ్చి వీపున కొట్టింది. అమ్మాయి గట్టిగా పట్టుకోవడంలో ఆమె మెడలో నల్లపూసలు తెగాయి.

ఆమె పిల్లల్ని నా చేతుల్లో పెట్టి, మెడ తడుముకుంది. "అయ్యో, అయ్యో" అని రెండుసార్లు అని, వెంటనే వంగి నీళ్ళలో చేతులు పెట్టింది. నల్లమట్టిలో నల్లపూసలు.

నేను దణ్ణం పెట్టలేదు. పేరు అడగలేదు. వంగి వెతకలేదు. పిల్లల్ని, ట్యూబునీ పట్టుకుని గది వైపు నడిచాను. గుమ్మంలో మా ఆవిడ ఉప్మా గరిటెతో నిలబడి ఉంది. ముగ్గురమూ తడిసి ఉన్నాం.

"ఏమైందండీ?"

"ట్యూబు కొట్టుకుపోయింది. వెళ్ళి పట్టుకొచ్చా."

అంతే అన్నాను. ఆ రోజుకి అది చిన్న అబద్ధమే. అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఉంది. తలెత్తి నన్ను చూసింది.

వసారాలోంచి చూస్తే ఆమె ఇంకా అక్కడే వంగి ఉంది. అల వచ్చినప్పుడు లేచి, పోయాక మళ్ళీ వంగుతోంది.

"ఎండలో అంతసేపు ఏం వెతుకుతోందండీ ఆవిడ?" అని మా ఆవిడ అడిగింది.

"గవ్వలేరుకుంటోంది."

"పాపం. ఈ ఉప్మా ఇచ్చి రండి."

విస్తరాకులో ఉప్మా పట్టుకుని సగం దూరం వెళ్ళాను. దగ్గరికి వెళితే ఆమె ఏమైనా అంటుంది, గాలికి ఆ మాట గదిదాకా వినిపిస్తుంది. ఒడ్డున బోర్లించిన పడవమీద ఆకు పెట్టి వెనక్కి వచ్చాను. కాకులు తినడం మా ఆవిడకి కనిపించకుండా వసారాలో అడ్డంగా నిలబడ్డాను.

"తిందా?"

"ఆఁ. బావుందంది."

ఆ తరవాత కథ దానంతటదే పెరిగింది. నడుము లోతు నిలువు లోతు అయింది, నిలువు లోతు అర మైలు అయింది. ట్యూబుని కొట్లో మేకుకి తగిలించి వచ్చినవాళ్ళకి చూపించేవాణ్ణి. అమ్మాయి ఏడేళ్ళప్పుడు పిన్ని ఇంట్లో అదే కథ చెప్పింది. "మా నాన్న ఈదుకుంటూ వచ్చాడు" అంది. అందరూ నన్ను చూశారు. నేను అమ్మాయిని చూశాను. దాని మొహంలో ఏమీ దొరకలేదు. నన్ను కాపాడుతోందా, నిజంగానే అనుకుంటోందా?

అడగలేదు. అడిగితే ఏదో ఒకటి తెలిసిపోతుంది కదా.

పంక్చరు చూడాలంటే ట్యూబుకి గాలి కొట్టి నీళ్ళ తొట్టిలో ముంచాలి. బుడగలు ఎక్కడ వస్తే అక్కడ చిల్లి. రోజుకి ఇరవైసార్లు చేసే పని. ఆ వేసవి తరవాత, తొట్టిలో నల్లటి ట్యూబు పైకి తేలినప్పుడల్లా దానిమీద రెండు చిన్న తలకాయలు కనిపించేవి. పట్టపగలే, గిరాకీ ముందే. తల తిప్పుకుంటే, తొట్టి అవతలి పక్క ఒక మనిషి వంగి నీళ్ళలో చేతులు పెట్టి తడుముతున్నట్టు ఉండేది. ఆమె దెయ్యమై నన్ను పట్టిందని రాస్తే మీకు బాగుంటుంది, నాకూ సులువు. దెయ్యం కాదు. ఎండుచేపల వాసన వేసే మనిషి. తిట్టిన మనిషి. ఆమె ఎక్కడో బతికే ఉండి, ఇంటికెళ్ళి మొగుడికి పూసలు ఎలా తెగాయో చెప్పుకుని ఉంటుంది. ఆ ఇంట్లో నేను ఎవరిగా మిగిలానో అని ఆలోచన వచ్చేది. చివరికి పంక్చర్ల పని మానేసి, టైర్లు మాత్రమే అమ్మాను. నడుము నొప్పి అని చెప్పాను.

సునామీ వచ్చిన ఆదివారం. అందరం టీవీ ముందు కూర్చున్నాం. బందరు అవతల కూడా సముద్రం లోపలికి వచ్చిందని చెబుతున్నారు. అమ్మాయి అప్పటికి కాలేజీ. నా భుజంమీద తల ఆనించి అంది.

"నువ్వు లేకపోతే మేం అప్పుడే పోయేవాళ్ళం కదా నాన్నా."

"నేను రాలేదే. వేరే ఆవిడ వచ్చింది" అన్నాను.

అమ్మాయి పగలబడి నవ్వింది. "కొత్త కథా? సొరచేప అయిపోయిందా?"

"కథ కాదమ్మలూ."

"ఊరుకో నాన్నా. నాకు గుర్తులేదనుకున్నావా? నీ మెడ పట్టుకున్నా. అల కొట్టింది. నీ మెడలో పూసలు పటపటా తెగి నీళ్ళలో పడ్డాయి. నా వేళ్ళకి గుచ్చుకున్నాయి కూడా."

"నా మెడలో పూసలెప్పుడున్నాయే?"

నవ్వుతున్నది ఆగింది. తన కుడిచేతి వేళ్ళు చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. వంటింట్లో తిరుగుతున్న మిక్సీ ఆగిపోయింది.

"గవ్వలేరుకుంటున్న ఆవిడా?" అంది అమ్మాయి.

అప్పుడు చెప్పాను. ఛాతీ లోతని కూడా చెప్పాను. జీవితంలో మొదటిసారి ఒక కథని పెంచకుండా చెప్పడం, ఎంత కురచగా ఉందో. మా ఆవిడ చేతికి పచ్చడి అంటుకుని ఉంది, గుమ్మంలో నిలబడి అంతా వింది. నేను ఈదలేదన్నందుకు ఏమంటుందో అని చూస్తున్నాను. ఆమె ఒకటే అడిగింది.

"ఉప్మా కూడా ఇవ్వలేదా?"

వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజున నల్లపూసల దండ ఒకటి కొని తెచ్చి, "బండి మాట్లాడండి" అంది.

ఆ ఊళ్ళో ప్రతి వాకిట్లోనూ ఆగి అడిగాం. ఒక ముసలాయన వల బాగుచేసుకుంటూ తలెత్తకుండా అన్నాడు.

"పేరేంటండీ?"

"తెలీదండీ."

"ఎట్టా ఉంటదండీ?"

చెప్పబోయాను. చెప్పడానికి నా దగ్గర మొహం లేదు. గంప, చీర కచ్చ, గొంతు అని చెప్పాను.

"ఇక్కడ ఆడాళ్ళంతా అట్టాగే ఉంటారండీ" అన్నాడు ఆయన.

మా రిసార్టు నాలుగు గదుల్లో ఒకటి కూలిపోయి ఉంది. ఒడ్డున నిలబడ్డాం. నేను చెప్పులు విడిచి నీళ్ళలోకి నడిచాను. నడుము దాకా వచ్చింది. కాళ్ళ కింద అదే నల్లమట్టి జారింది.

"ఆగు నాన్నా! ఆగు!" అని వెనక అమ్మాయి అరుస్తోంది.

ఆగలేదు. నడుస్తూనే ఉన్నాను. నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. అక్కణ్ణించి ఇంక పెరగలేదు.

వెనక్కి వచ్చేటప్పుడు మోకాలి లోతులో వంగి మట్టిలోకి చేతులు పెట్టాను. ఎంతసేపు తడిమానో తెలీదు. వేళ్ళకి గట్టిగా, సన్నగా ఏవో తగిలాయి. పూస దొరికిందని చెప్పేద్దామని ఒక్క క్షణం నోటిదాకా వచ్చింది.

మా ఆవిడ నీళ్ళ అంచున నిలబడి ఉంది. కొన్న దండ ఇంకా కాగితం పొట్లంలోనే ఉంది.

"ఏం దొరికాయి?" అంది.

"గవ్వలు" అన్నాను.

నమ్మలేదు. చెయ్యి తెరవమంది. తెరిచాను. గవ్వలే.