అవ్వ మింగని కండ

నా చిన్నప్పుడు అంగీ విప్పమంటే చాలు, అటకెక్కి కూర్చునేవాణ్ణి. నా ఛాతీకి కుడిపక్క కండ లేదు. ఎవరో గరిటెతో తోడేసినట్టు గుంట. అమ్మ తలుపేసి నీళ్లు పోసేది. ఆ సంగతి మా గడప దాటలేదు.

పదేళ్లప్పుడు కబడ్డీలో అంగీ చిరిగింది. "ఏందిరా గిది?" అని పిల్లలంతా మూగారు. ఏడిస్తే పరువు పోతుంది గదా, నవ్వించాను. "పక్కింటవ్వ మింగింది. ఉప్పు తక్కువైందని రెండోది వదిలిపెట్టింది" అన్నాను. బడిలో లెక్కలు రాలేదు గానీ నోటికి మాత్రం తిరుగులేదు నాకు. గోదారి వరదలో ఇల్లు పోగొట్టుకుని, అప్పటికి నాలుగేళ్ల ముందు మా వాడకొచ్చిన ఒంటరి మనిషి ఆ అవ్వ.

తెల్లారేసరికి నా జోకు బాణామతి అయింది, అవ్వ చేతబడి చేసి పిల్లాడి కండ తినేసిందట. అవ్వను జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి బోరింగుకు కట్టేశారు. ఆమె మీద కర్రలు విరిగాయి. పళ్లు పీకితే మంత్రం పలకదట. కబురంది పక్కూరి నుంచి ఉరికొచ్చిన మా మేనమామ పట్టకారుతో ఒకటి పీకేశాడు. ఉన్నవే నాలుగు. నెత్తురు ఆమె గడ్డం మీదుగా కారుతుంటే, అంత పెద్ద నా నోరు తెరుచుకోలేదు.

అమ్మ గుంపును తోసుకుంటూ వచ్చింది. చేతిలో నా ఫొటో. ఆరు నెలలప్పుడు భద్రాచలంలో తీయించింది, ఒంటి మీద మొలతాడు తప్ప ఏమీ లేదు. ఇన్నేళ్లూ పెట్టె అడుగున దాచింది.

"చూడన్నా! గుంట గప్పుడే ఉంది. గప్పటికి గీ అవ్వ మన మొఖమే చూడలే. కడుపులనే కండ కట్టలేదని దవాఖానాల డాక్టరు చెప్పిండు. ఎవరి తప్పు లేదన్నడు. నేనే సిగ్గుపడి దాచిన. పీకుతవా, నా పళ్లు పీకు!"

మామ చేతిలోంచి పట్టకారు జారింది. గుంపు ఒక్కొక్కరుగా కరిగిపోయింది గానీ కట్లు విప్పినవాడు లేడు. నేను విప్పాను. తాడు నెత్తురుతో జిగటగా ఉంది. "నవ్వులాటకు నేనే అన్ననవ్వా" అని ఏడ్చాను.

అవ్వ నా అంగీ పైకెత్తింది. అరచేయి నా గుంటలో ఆనించింది. "నీకు కండ లేకపాయె, నాకు పన్ను లేకపాయె. ఇగ మనిద్దరం ఒకటే జట్టురా" అంది. నా జన్మలో నేను నవ్వలేకపోయిన జోకు అదొక్కటే.

ఇప్పుడు బోరింగు కాడ అందరి ముందే అంగీ విప్పి స్నానం చేస్తాను. ఆటో అడ్డాలో నా జోకులకు ఇప్పటికీ గిరాకీ ఉంది. కానీ ఇంకొకరి మీద జోకు నోటిదాకా వచ్చినప్పుడల్లా, నా నాలుక ముందు నా పళ్లను తడుముకుంటుంది.