ఉంగరంలో నీళ్లు

1974 వానాకాలం. అబిడ్స్ దగ్గర ఒక కాలేజీలో నేను కెమిస్ట్రీ రీడర్‌ని. బాలమణి నా దగ్గర రిసెర్చి చేస్తున్న మొదటి విద్యార్థిని. ఆమె స్కాలర్‌షిప్ ఇంకో ఏడాది సాగాలంటే జూలై ఆఖరులోగా ఆమె రిపోర్టు మీద నా సంతకం పడాలి.

మా పని సర్ఫాక్టెంట్లతో, అంటే సబ్బు జాతి పదార్థాలతో. వాటి అణువుకు నీళ్లంటే గిట్టని పొడుగాటి తోక ఉంటుంది. సైక్లోడెక్స్ట్రిన్ ఉంగరంలా చుట్టుకున్న చక్కెర అణువు. తోక ఆ ఉంగరం బోలులో దూరి కూర్చుంటుంది. ఎంత గట్టిగా కూర్చుందో చెప్పే అంకె బైండింగ్ కాన్‌స్టంట్. విడిగా తిరిగే సర్ఫాక్టెంట్ కరెంటును బాగా మోస్తుంది, ఉంగరంలో చిక్కినది నెమ్మదిస్తుంది. అందుకని ఉంగరాల పొడిని కొద్దికొద్దిగా కలుపుతూ, కరెంటు ప్రసారం ఎంత తగ్గిందో కొలిచి ఆ అంకె లెక్కగట్టేవాళ్లం.

రెండేళ్ల ముందు నేను కొలిచి పత్రికలో వేసుకున్న అంకె ఒకటి ఉంది. బాలమణికి అంతకన్నా బాగా ఎక్కువ వచ్చింది. మూడుసార్లు మళ్లీ చేయించాను. మూడుసార్లూ అదే.

"సార్, నేను పొడిని ఓవెన్ల ఎండవెట్టి తూచిన. సీసాల ఉన్నది ఉన్నట్టు తూస్తే లెక్క తప్పుతున్నది."

"ఎందుకు తప్పుతుంది?"

"దాంట్ల నీళ్లున్నయ్ సార్. మా నాయినది గౌలిగూడల ఉప్పు దుకాణం. వానకాలం ఉప్పు నీళ్లు గుంజి బరువెక్కుతది. గిదీ గట్లనే ఉన్నది."

"మనమిక్కడ ఉప్పు అమ్ముకోవడం లేదమ్మా" అన్నాను. పక్క బల్ల దగ్గర ఇద్దరు నవ్వారు.

"ఔ సార్, అమ్ముతలేం. తూస్తున్నం" అంది బాలమణి.

నేను తెనాలి నుంచి వచ్చినవాణ్ని. ఆమె యాస మోటుగా ఉందనుకునేవాణ్ని, లెక్క కూడా అలాగే ఉంటుందనుకున్నాను. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. నా అంకె వచ్చేదాకా సంతకం చేయనన్నాను. జూలై దాటింది. స్కాలర్‌షిప్ ఆగిపోయింది. ఆమె నాంపల్లిలో ఒక స్కూల్లో టీచరుగా చేరింది.

సెప్టెంబరులో ఒకరోజు ఎవరూ లేనప్పుడు నా సీసాలోంచి ఒక గ్రాము పొడి తీసి, ఎండబెట్టి తూచాను. పదో వంతుకు పైగా తగ్గింది. ఇన్నాళ్లూ ఉంగరాలనుకుని అంత నీటిని కూడా తూచి వేస్తూ వచ్చాను. ఉంగరాలు తక్కువ పడ్డాయి కాబట్టి పట్టు కూడా తక్కువగా కనిపించింది. ఒక్క పూట పని. ఆమె చెప్పిన రోజే చేయవలసింది. ఏం బయటపడుతుందోనన్న భయంతో చేయలేదు.

పత్రికకు సవరణ రాసి, ఆమె పేరు ముందు పెట్టి, నాంపల్లి స్కూలుకు తీసుకెళ్లాను. ఆమె వరండాలో నిలబడే మొత్తం చదివింది.

"లెక్క మంచిగున్నది సార్. ఓవెన్ల ఎంత వేడిమీద వెట్టిన్రో రాయలే. అది రాయున్రి."

"మళ్లీ రా అమ్మా. స్కాలర్‌షిప్ కోసం నేను పైకి రాస్తాను."

"నాయినకు చాతనైతలేదు, దుకాణం బంద్ వెట్టిండు. ఇప్పుడు ఇల్లు నా జీతం మీదనే నడుస్తున్నది సార్. మీ సంతకం నాకు జూలైల గావాలె ఉండె."

ఆ మాటలో కోపం లేదు. గంట కొట్టారు, ఆమె క్లాసులోకి వెళ్లింది.

సవరణ అచ్చయింది. అరపేజీ కూడా పట్టలేదు. అంకెను ఎప్పుడైనా దిద్దుకోవచ్చు. మనిషికి చేసిన అన్యాయాన్ని దిద్దడానికి మాత్రం గడువుంటుంది. ఆ గడువు నా చేతిలో ఉన్నన్నాళ్లూ నేను నా అంకెనే కాపాడుకున్నాను.