రోజుకు బెత్తెడు

నా చిన్నప్పుడు మా ఇంట్లో బడి, వంట రెండూ ఒకే పొయ్యి ముందర జరిగేవి. పాకాలకు రెండు మైళ్ళ దూరంలో ఉండే మా పల్లెలో బడి లేదు. పాకాలలో ఉండేది గానీ ఆడపిల్లను అంత దూరం తీసుకుపోయి తీసుకొచ్చేవాళ్ళు ఎవరు? మా నాయన రైలు పట్టాల కాడ గ్యాంగు పనికి పొద్దు పొడవకముందే పోయేవాడు. మా అమ్మ వాళ్ళ నాయన వీధిబడి అయ్యవారు. ఆయన దగ్గర నేర్చుకున్న చదువునే అమ్మ నాకు కొంచెం కొంచెంగా నేర్పింది. రాగులు కొలుస్తూ లెక్కలు, చింతపండులో గింజలు తీస్తూ ఎక్కాలు, కట్టెబొగ్గుతో గచ్చు మీద అక్షరాలు. చదువు వేరు, ఇంటి పని వేరు అని ఆమె ఎప్పుడూ అనలేదు. నాకేమో రెండూ ఒక్కటిగానే కష్టంగా ఉండేవి. పొగకు కండ్లు మండుతుంటే ఒత్తులు ఎట్ల కుదురుతాయి, మీరే చెప్పండి.

నేర్పడంలో ఆమెకు ఒక పద్ధతి ఉండేది. ఏ పనీ నా చేతిలోనుంచి లాక్కొని తను చేసేది కాదు. సంగటి చెడితే చెడిన సంగటే అందరం తినాల. ఎసట్లో పిండి పోసినాక వెంటనే కెలకబాకు, నడిమధ్యలో కట్టెతో బొక్క పెట్టి మూత మూసి, ఉడికేదాకా నీ చేతులు నీ ఒళ్ళో పెట్టుకో అని ఒకసారి చెప్పేది, అంతే. నేను ఆగలేక కెలికితే ఉంటలు కట్టేది. నాయన ఆ ఉంటలను నమలకుండా మింగి, బాగుండాది పాపా అని లేచిపోయేవాడు. అమ్మ నవ్వేది కాదు, తిట్టేదీ కాదు. ఇట్లాంటి తల్లితో పెరగడం ఏమంత సుఖం కాదులెండి.

నాకు తొమ్మిదేండ్లు, మా తమ్ముడికి మూడు నిండినప్పుడు ఆమెకు దగ్గు పట్టుకుంది. యుద్ధం రోజులు అవి. కిరసనాయిలు దొరకదు, బట్ట దొరకదు, ఇంక మందులు యాడ దొరుకుతాయి? మిరియాల కషాయంతో కొన్నాళ్ళు గడిపినాము. ఎండాకాలం అయ్యేసరికి దగ్గులో రక్తం పడింది. నాయన ఆమెను పాకాలలో డాక్టరుకు చూపించి తీసుకొచ్చి, అరుగు మీద తలపాగా తీసి పెట్టి, కూర్చున్నాడు. క్షయ అనే మాట ఆ దినం ఆయన నోట్లోనుంచి రానే లేదు. అమ్మే చెప్పింది. పిలకాయలు నా దగ్గరికి రాగూడదంట, ఆవును బయట కట్టేయండి, నేను కొట్టంలో ఉంటాను అనింది.

ఆవును చింతచెట్టు కిందికి మార్చినాము. పెరట్లో ఇంటికి ఎదురుగా ఉండే ఆ కొట్టానికి మూడు పక్కల మట్టి గోడలు, ముందర అంతా బయలు. గాలి తగలాలని అమ్మ తన నులకమంచం ముందు భాగంలో, చూరు దగ్గరగా వేయించుకుంది. మంచం కాడినుంచి అడుగులో అడుగు పెట్టి పది అడుగులు కొలిచి, ఆడ పెరటి ఈ చివరినుంచి ఆ చివరిదాకా ముగ్గుపిండితో ఒక గీత గీసింది. దాన్ని దాటి మేము పోగూడదు, ఇవతలికి ఆమె రాదు. ఆమె తినే తట్టలో కూడు పెట్టి నేను గీత కాడ దించి వెనక్కి వస్తే, అప్పుడు లేచి వచ్చి తీసుకునేది. తిన్న తట్టను మళ్ళా అక్కడే పెడితే నేను సలసల కాగే నీళ్ళు పైనుంచి పోసేదాన్ని.

గీత ఎందుకు, కంప నాటుతానన్నాడు నాయన. కంప వేస్తే చిన్నోడు దాన్ని పీకేదానికే చూస్తాడు, ముగ్గయితే తొక్కడు అనింది అమ్మ. నిజమే. మా పల్లెలో ఏ బిడ్డయినా మాటలు రాకముందే ముగ్గు తొక్కితే వీపు మీద ఒకటి పడుతుందని నేర్చుకునేవాడు. మా తమ్ముడు ఆ గీత కాడికి పరిగెత్తి వచ్చి, కాలివేళ్ళు దానికి తగలకుండా నిలబడి, అమ్మా ఎత్తుకో అని ఏడ్చేవాడు. దాటేవాడు మాత్రం కాదు. రోజంతా కోళ్ళు తిరిగి గీతను చెరిపేసేవి. పొద్దున్నే దాన్ని మళ్ళా గీయడం నా పని. అది యాడ గీయాల అనేదానికి రాయి గానీ గుంజ గానీ గుర్తు పెట్టలేదు. నా మీద అంత నమ్మకం ఆమెకు.

అప్పటినుంచి నా బడి గీతకు ఇవతల నడిచింది. ఆడనుంచి ఆమె చెప్తుంది, ఈడ నేను చేస్తాను. ముగ్గుపిండితోనే నేల మీద పెద్ద పెద్ద అక్షరాలు రాస్తే, ఆమె మంచం మీద మోచేయి ఆనించి లేచి చదివి తప్పులు చెప్పేది. తమ్ముడికి ఆకలేసినప్పుడు ఎట్ల ఏడుస్తాడు, నిద్రకు ఎట్ల ఏడుస్తాడు, వాడికి నీళ్ళు పోసేటప్పుడు చెవులు ఎట్ల మూయాల, అన్నీ దూరంనుంచే నేర్పింది. ఒకసారి ఎసరు ఒలికి నా చెయ్యి బొబ్బలెక్కింది. గీత కాడికి పోయి చెయ్యి చాపి చూపించినాను. చల్లనీళ్ళలో పెట్టుకో అనింది గానీ లేచి రాలేదు. ఆ దినం నాకు ఆమె మీద పుట్టిన కోపం అంతా ఇంతా కాదు. నా తల చిక్కులు పడి పేలతో నిండిపోయింది. వెనక కూర్చుని దువ్వే చెయ్యి లేదు. పక్కింటి పెద్దమ్మ కూడా మజ్జిగ చెంబు గోడ మీద పెట్టి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని పోయేది. మమ్మల్ని తాకే మనిషే లేకపోయె.

అప్పుడే ఆ పాడుబుద్ధి పుట్టింది నాకు. గీత గీసేది నేనే గదా. ఒక పొద్దున దాన్ని నాలుగు వేళ్ళ వెడల్పు, అంటే బెత్తెడు, అమ్మ వైపుకు జరిపి గీసినాను. బెత్తెడు జరిగితే ఎవరికి తెలుస్తుంది? ఎవరికీ తెలీలేదు, పొద్దు పొడవకముందే పోయి పొద్దు గూకినాక వచ్చే నాయనకు కూడా. మర్నాడు ఇంకో బెత్తెడు. అట్ల రోజూ. ఆమె నేర్పిన లెక్కతోనే వేళ్ళ మీద ఎంచుకునేదాన్ని, ఇన్ని దినాలకు ఇన్ని బెత్తెలు, ఇంక ఇన్ని దినాలకు మంచం కోడు అందుతుంది అని. దొంగతనంగా మిఠాయి తిన్నంత సంతోషంగా ఉండేది.

కానీ ఒకటి నాకు అంతు చిక్కలేదు. గీత ఎంత దగ్గరయినా అమ్మ దగ్గరయినట్టు ఉండేది కాదు. ఆమె మొగం వెలుగులోనుంచి కొట్టం చీకట్లోకి పోతా ఉన్నట్టు ఉండేది. గొంతు కూడా దూరంగానే వినపడేది. జబ్బు ముదిరి గొంతు సన్నబడుతోంది అనుకొని దిగులు పడి, ఇంకో బెత్తెడు జరిపేదాన్ని.

నెల దాటింది. వానలు పట్టినాయి. నా గీత జరిగి జరిగి కొట్టం చూరు కిందికి పోయింది. చూరు కింద ముగ్గు వేయగూడదని మా పక్క ఐదేండ్ల బిడ్డకు కూడా తెలుసు, కప్పు మీది నీళ్ళు కారి ఒక్క గడియలో కరిగిపోతాది. నాకూ తెలుసు. అమ్మకు దగ్గరగా పోవాలనే యావలో ఆ తెలివి పోయింది. ఆ పొద్దున సన్నగా తుంపర పడుతుండగానే ఆడ గీసేసి, లోపలికి పోయి సంగటికి ఎసరు పెట్టినాను. కొంచెంసేపటికి తమ్ముడి అలికిడి లేదు. తెడ్డు చేతిలో పట్టుకొనే బయటికి వచ్చినాను.

గీత నడిమధ్యలో మూరెడు మేర కరిగిపోయి ఉంది. ఆ సందులోనుంచి వాడి చిన్న పాదాల గుర్తులు లోపలికి పోయినాయి. అటూ ఇటూ మిగిలిన ముగ్గును వాడు తొక్కనే లేదు పాపం. చెప్పిన మాట చెప్పినట్టే విన్నాడు.

లోపల వాడు మంచం పట్టె పట్టుకొని, ఇంకో చేత్తో అమ్మ వీపు మీద కొడుతున్నాడు. అమ్మా ఇట్ల తిరుగు, అమ్మా ఇట్ల తిరుగు అని ఒకటే మాట. ఆమె గోడ వైపుకు ముడుచుకొని పడుకొని, కొంగు నోట్లో కుక్కుకొని ఉంది. తిరగలేదు. పలకలేదు. మూడు నెలలుగా తల్లిని తాకని బిడ్డ వీపు మీద చెయ్యేసి పిలుస్తుంటే తిరిగి చూడదే, ఇది ఏం తల్లి అనుకున్నాను. ఆ కోపంతో గీతా లేదు ఏమీ లేదని లోపలికి దూరి వాణ్ణి లాగినాను. వాడు పట్టె వదల్లేదు. వాడి వేళ్ళు విడిపించేదానికి వంగినప్పుడు నేల చూసినాను.

మంచం కోళ్ళ గుంటలు. మెత్తటి మట్టి నేలలో, చూరు దగ్గరినుంచి వెనక గోడదాకా, నాగలి చాలు మాదిరి వరసగా గుంటలు. ఒక గుంటకూ ఇంకో గుంటకూ నడుమ నా నాలుగు వేళ్ళూ సరిగ్గా పట్టేంత ఎడం. మంచం వెనక గోడకు ఆనుకొని ఉంది. అమ్మ ముక్కు గోడకు తగులుతోంది.

కొంగు తియ్యకుండానే, గోడ వైపే మొగం పెట్టి, "ముందు వాణ్ణి ఎత్తుకొని పో. ఇద్దరూ ఒళ్ళు కడుక్కోండి" అనింది. కడుక్కొని, తమ్ముణ్ణి లోపల పెట్టి గొళ్ళెం వేసి, వానలో వచ్చి నిలబడినాను. అప్పటికి ఆమె ఇవతలికి తిరిగి ఉంది. తిడుతుందని ఎదురు చూసినాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

"నువ్వు రోజూ జరపతా ఉండేది మొదటి దినమే చూసినాను పాపా. వద్దని చెప్పేదానికి నోరు రాలేదు. నాకు మాత్రం మీ దగ్గరికి రావాలని ఉండదా? అందుకని నేనే ఎనక్కి జరిగినాను. ఇంక జరిగేదానికి గోడ ఉండాది."

అంత మాట్లాడేసరికి దగ్గు వచ్చింది. అది తగ్గేదాకా నేను కదల్లేదు. ఒక తట్ట ఎత్తేదానికే శక్తి లేని మనిషి, నేను గీత గీసిపోయిన ప్రతి పొద్దూ మంచం దిగి, దాన్ని ఒక్కతే బెత్తెడు వెనక్కి ఈడ్చుకొని మళ్ళా ఎక్కి పడుకునింది. సాయంత్రం నాయన మంచాన్ని మళ్ళా గాలి తగిలే చోటికి తెచ్చినాడు. ఏమి జరిగిందో ఆయనకు ఆమె చెప్పలేదు, నేనూ చెప్పలేదు. తన అడుగులు పది అంటే నా అడుగులు పన్నెండు అని లెక్క చెప్పి, కొలిచి గీయమనింది. కొలిచి గీసినాను. ఆ తర్వాత ఒక్క వేలు వెడల్పు కూడా ఇటుగానీ అటుగానీ పోనివ్వలేదు.

కార్తీకం దాటకుండానే ఆమె పోయింది. ఆ దినం కూడా నాయన ఒక్కడే లోపలికి పోయినాడు. మేమిద్దరం గీతకు ఇవతలే నిలబడినాము. చావు జరిగిన ఇంట్లో ముగ్గు వేయరు. మర్నాడు పొద్దున అలవాటుగా పిండి డబ్బా తీసుకొని పెరట్లోకి పోయి, గీయాల్సిన పని లేదని గుర్తొచ్చి ఆడనే కూలబడినాను.

తమ్ముడికి ఆ జబ్బు రాలేదు, నాకూ రాలేదు. వాడు పెరిగి, రైల్వేలోనే ఉద్యోగం చేసి, మనవళ్ళను కూడా ఎత్తుకున్నాడు. ఇంట్లో బిడ్డలకు జరం వస్తే నేను గడప కాడే నిలబడి పనులు చెప్తాను, నాకు దగ్గు వస్తే వాళ్ళను గది గడప తొక్కనివ్వను. మా కోడళ్ళు ఈ ముసిల్దానికి మనసు లేదు అనుకుంటారు. అనుకోనీ.

తమ్ముడు రిటైరైన ఏడాది మా ఇంటికి వచ్చి, భోజనమయినాక ఉన్నట్టుండి అడిగినాడు. అమ్మ మొగం నాకు తెలీదక్కా, ఒక్క వీపు మాత్రం గుర్తుండాది, ఎంత పిలిచినా తిరగలేదు, నేనేం తప్పు చేసినానని? అరవై ఏండ్లు వచ్చే మనిషి, బిడ్డ మాదిరి అడిగినాడు. మా అమ్మకు ఫోటో కూడా లేదు. అప్పుడు అంతా చెప్పేసినాను. గీత జరిపింది నేనేనని, నా వల్లనే నువ్వు లోపలికి పోయినావని, నా వల్లనే నీకు ఆ వీపు మిగిలిందని.

వాడు తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. తర్వాత, "నువ్వు జరపకపోయుంటే నాకు ఆ వీపు కూడా ఉండేది కాదు గదక్కా" అన్నాడు.

నన్ను ఊరడించేదానికే అన్నాడు, మంచివాడు. నేను మాత్రం ఊరట పొందలేదు. నెల పైన ఒక జబ్బు మనిషి చేత రోజూ మంచం ఈడ్పించినాను. మేము బతకాలని ఆమె మాకు దూరంగా ఈడ్చుకుపోయిన ఆ మంచం బరువు ఇప్పటికీ నా చేతులకు తెలుస్తానే ఉండాది.